గుండె బలం పెంచే మందును ఆపేసి, గుండెను నెమ్మదింపజేసే మాత్ర ఎందుకు ఇచ్చారు?

గోదావరి_గట్టు
మా నాన్నగారి వయసు 67. గత నెలలో ఆయాసం ముదిరి, కాళ్ళకు నీరు పట్టి, మూత్రం బాగా తగ్గిపోవడంతో ఐసీయూలో చేర్చవలసి వచ్చింది. ఎకోలో పంపింగ్ 25 శాతమే ఉందన్నారు. బీపీ నిలవడం లేదని డోబుటమిన్ అనే మందును సిరంజి పంపు ద్వారా కొన్ని రోజులు ఎక్కించారు. అది మొదలుపెట్టిన మరునాటికే ఆయన తేరుకున్నారు, మూత్రం వచ్చింది, మాట తేటపడింది. అంత బాగా పనిచేసిన మందును కొద్దికొద్దిగా తగ్గించి పూర్తిగా ఆపేశారు. ఇంటికి పంపేటప్పుడు రాసిన చీటీలో గుండె బలాన్ని పెంచే మందు ఒక్కటీ లేదు సరికదా, గుండె వేగాన్నీ బిగువునూ తగ్గించే మెటోప్రొలాల్ ఉంది. అడిగితే ‘ఇదే మంచిది’ అన్నారు గాని, కారణం చెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేకపోయింది. బలహీనపడిన గుండెకు బలమిచ్చే మందు ఉన్నప్పుడు, దాన్నే మాత్ర రూపంలో జీవితాంతం ఎందుకు ఇవ్వకూడదు?

పల్స్_72
అసలు ప్రశ్నకు ముందు ఒక సంగతి. పంపింగ్ 25 శాతం అంటే గుండెలో నాలుగో వంతు మాత్రమే మిగిలిందని భయపడకండి. ఎడమ జఠరికలో, అంటే గుండె ఎడమవైపు కింది గదిలో, నిండిన రక్తంలో ఒక్క దెబ్బకు ఎంత భాగం బయటికి వెళుతోందన్నదే ఆ అంకె. ఆరోగ్యవంతుల్లోనూ అది 55 నుంచి 70 మధ్యనే ఉంటుంది, 100 ఎవరికీ ఉండదు.

పాఠాల_పంతులు
ఫార్మకాలజీ బోధించేవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. గుండె కండరం బిగుసుకోవడమంతా కాల్షియం మీద ఆధారపడిన పని. ప్రతి దెబ్బకూ కణంలోకి బయటి నుంచి కొద్దిగా కాల్షియం ప్రవేశిస్తుంది, అది కణం లోపలి నిల్వలో ఉన్న కాల్షియాన్ని విడుదల చేయిస్తుంది, అలా పెరిగిన కాల్షియం ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌కు అంటుకున్నప్పుడు ఆక్టిన్, మయోసిన్ పోగులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. తిరిగి ఆ కాల్షియాన్ని నిల్వలోకి ఎత్తిపోస్తేనే కండరం వదులవుతుంది, ఆ ఎత్తిపోతకు కూడా శక్తి ఖర్చవుతుంది.

డోబుటమిన్ చేసేదేమిటంటే, గుండె కణం మీద అడ్రినలిన్ ఆదేశాలను అందుకునే బీటా-1 గ్రాహకాలను ప్రేరేపించి, లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సందేశక అణువును పెంచుతుంది. దాని వల్ల కాల్షియం ద్వారాలు ఎక్కువగా తెరుచుకుంటాయి, నిల్వ కూడా వేగంగా నిండుతుంది. సంకోచం బలపడుతుంది, గుండె వేగం పెరుగుతుంది, రెండింటితోపాటు ఆక్సిజన్ అవసరమూ పెరుగుతుంది. రక్తనాళాల్లో పూడికలున్న గుండెకు ఆ అదనపు ఆక్సిజన్ ఎక్కడి నుంచి వస్తుంది? పైగా కణంలో కాల్షియం పొంగిపొర్లితే లయ తప్పిన దెబ్బలు పుడతాయి, వాటిలో కొన్ని ప్రాణం తీస్తాయి.

ఇంకో చిక్కు ఉంది. గుండె నీరసించినప్పుడు శరీరం తనంతట తానే అడ్రినలిన్, నోరాడ్రినలిన్‌లను రాత్రింబగళ్ళు విడుదల చేస్తూ ఉంటుంది. ఆ తాకిడికి గుండె కణాలు తమ బీటా-1 గ్రాహకాలను తగ్గించుకుంటాయని 1982లో మైకేల్ బ్రిస్టో బృందం మనుషుల గుండెల్లోనే చూపించింది. అంటే నాన్నగారి గుండెకు ఆదేశాలు కరువై కాదు, అవి ఎక్కువైపోయి అలసింది. డోబుటమిన్ అదే ఆదేశాన్ని మరింత గట్టిగా ఇస్తుంది.

పొలంగట్టు_శీను
దున్ని దున్ని చతికిలబడ్డ ఎద్దును ముల్లుగర్రతో పొడిచినట్టన్నమాట. గట్టు దాకా లాగుతుంది, ఆ తరువాత లేవదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
గట్టు దాకా లాగించడం కూడా ఒక్కొక్కసారి తప్పదు, శీను గారూ. బీపీ పడిపోయి, చేతులూ కాళ్ళూ చల్లబడి, మూత్రపిండాలు మొరాయిస్తున్న మనిషికి ఆ రెండు మూడు రోజుల ఊతం లేకపోతే మెటోప్రొలాల్ మొదలుపెట్టే అవకాశమే రాదు.

మంచం పక్కన నిలబడి చూసేవాళ్ళకు తెలిసే విషయం ఒకటి చెప్తాను. డోబుటమిన్ రక్తంలో సగానికి తగ్గడానికి పట్టే సమయం సుమారు 2 నిమిషాలు. అందుకే సిరంజి అయిపోయే దాకా ఆగకుండా, పక్కనే రెండో పంపులో కొత్త సిరంజి సిద్ధంగా పెట్టుకొని, అది నడవడం మొదలయ్యాకనే పాతదాన్ని ఆపుతాము. ఆ మార్పిడిలో కాస్త జాప్యమైనా కొందరికి బీపీ కళ్ళముందే జారిపోతుంది. మోతాదు పెంచినప్పుడల్లా మానిటర్‌లో గుండె వేగం 110, 120 దాటడం, మధ్యమధ్య అదనపు దెబ్బలు పడటం చూస్తూనే ఉంటాము. తగ్గించేటప్పుడు కూడా ఒక మెట్టు దించి, మూత్రం, బీపీ, ఒంటి వెచ్చదనం నిలుస్తున్నాయని నమ్మకం కుదిరాకనే తరువాతి మెట్టు దించుతారు. మీ నాన్నగారికి అది పూర్తిగా ఆగిందంటే, ఆయన గుండె ఆ ఊతం లేకుండా నిలబడగలిగిందని అర్థం. దాన్ని మంచి వార్తగానే తీసుకోండి.

గోదావరి_గట్టు
సిస్టర్ గారూ, ఈ కోణంలో మాకెవరూ చెప్పలేదు. అయితే మాత్ర సంగతి ఇంకా తేలలేదు. డోబుటమిన్ సూదిమందే కావచ్చు, అదే పని చేసే మాత్రను ఎవరూ తయారుచేయలేదా?

పాఠాల_పంతులు
తయారుచేశారు. ఆ కథ వైద్యులందరినీ ఆలోచింపజేసింది. మిల్రినోన్ అనే మందు బీటా గ్రాహకాల జోలికి వెళ్ళదు, సైక్లిక్ ఏఎంపీని విచ్ఛిన్నం చేసే పీడీఈ-3 అనే ఎంజైమును అడ్డుకుంటుంది. ఫలితం దాదాపు అదే, పైగా రక్తనాళాలను కూడా సడలిస్తుంది. దీన్ని మాత్రగా ఇచ్చి చూసిన ప్రామిస్ అధ్యయనం 1991లో వెలువడింది. తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 1,088 మందిలో మిల్రినోన్ తీసుకున్న వారి మరణాలు మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్న వారికన్నా 28 శాతం ఎక్కువగా నమోదయ్యాయి. రక్తప్రసరణ కొలతలన్నీ మెరుగుపరిచే మందు మనుషులను మాత్రం త్వరగా చంపింది. క్జామోటెరాల్, వెస్నారినోన్ అనే మాత్రలదీ ఇదే దారి. ఇప్పుడు మిల్రినోన్ సూదిమందుగా మాత్రమే మిగిలింది. దాన్ని కూడా, నిజంగా అవసరం లేని రోగులకు 48 గంటలు ఎక్కించి చూస్తే, మేలు కనిపించకపోగా బీపీ పడిపోవడం, లయ తప్పడం ఎక్కువయ్యాయని 2002లో ఆప్టైమ్ అధ్యయనం తేల్చింది.

కృష్ణలంక_కుర్రాడు
డోబుటమిన్, మిల్రినోన్‌లలో ఏది మేలు?

పాఠాల_పంతులు
గుండె దెబ్బతిని షాక్‌లోకి వెళ్ళిన 192 మందిలో కెనడావారు రెండింటినీ పోల్చారు. 2021లో వచ్చిన ఆ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో మిల్రినోన్ ఒంట్లో పేరుకుంటుంది కాబట్టి చాలామంది డోబుటమిన్ వైపు మొగ్గుతారు. అప్పటికే బీటా బ్లాకర్, అంటే మెటోప్రొలాల్ వంటి బీటా గ్రాహకాలను అడ్డుకునే మందు, వాడుతున్నవారిలో డోబుటమిన్ మొద్దుబారుతుంది కాబట్టి అక్కడ మిల్రినోన్‌ను ఎంచుకునేవారున్నారు.

శాంతమ్మగారి_అబ్బాయి
పైన రాసినవన్నీ చదివితే బలం పెంచే మందులన్నీ విషమే అనిపిస్తోంది. నేను ఒప్పుకోను. మా అమ్మగారు డిజాక్సిన్ మాత్ర చాలా ఏళ్ళు వాడారు, నిక్షేపంగా వంట చేసుకుంటూ, గుడికి నడిచి వెళ్ళి వస్తూ గడిపారు. అది కూడా గుండె సంకోచాన్ని పెంచే మందే కదా? శీను గారి ముల్లుగర్ర దానికి ఎలా వర్తిస్తుంది?

పాఠాల_పంతులు
వర్తించదు, మీ అభ్యంతరం సరైనదే. డిజాక్సిన్ వేరే తోవలో పనిచేస్తుంది. ప్రతి కణం సోడియాన్ని బయటికి నెట్టి, పొటాషియాన్ని లోపలికి తెచ్చుకునే ఒక పంపును నడుపుతుంది. డిజాక్సిన్ దాన్ని కొంతమేరకు అడ్డుకుంటుంది. అప్పుడు కణంలో సోడియం కాస్త పెరుగుతుంది, దాంతో సోడియాన్ని తీసుకొని కాల్షియాన్ని బయటికి పంపే మార్పిడి మందగిస్తుంది, మిగిలిపోయిన కాల్షియం నిల్వలో చేరి తరువాతి దెబ్బను బలపరుస్తుంది. అదే సమయంలో ఇది వేగస్ నాడి ప్రభావాన్ని పెంచి, అడ్రినలిన్ తాకిడిని తగ్గించి, గుండెను నెమ్మదింపజేస్తుంది. సంకోచాన్ని పెంచుతూనే వేగాన్ని తగ్గించడం తక్కిన మందులకు లేని గుణం. మీ అమ్మగారికి కర్ణికల లయ తప్పి ఉంటే, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉండి ఉంటే, ఆవిడకు దక్కిన ఉపశమనంలో ఎక్కువ భాగం ఈ నెమ్మదింపు వల్లనే.

శాంతమ్మగారి_అబ్బాయి
ఉంది. చిన్నప్పటి కీళ్ళజ్వరం వల్ల కవాటం కుంచించుకుపోయింది.

పల్స్_72
కీళ్ళజ్వరపు కవాటం జబ్బు మన దేశంలో ఇంకా పోలేదు కాబట్టి డిజాక్సిన్ కూడా మన చీటీల్లో నిలిచింది. దాని ముందుతరం మందు చరిత్ర 1785 నాటిది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ వైద్యుడు విలియం విదరింగ్, ష్రాప్‌షైర్‌లోని ఒక ముసలమ్మ నీరుపట్టిన రోగులకు ఇస్తున్న మూలికల మిశ్రమంలో పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ ఆకు అని గుర్తించి, తన రోగుల వివరాలతో ఆ ఏడాది పుస్తకం వేశాడు. గొప్ప సంగతేమిటంటే, వాంతులు, చూపు పచ్చబడటం, నాడి మరీ నెమ్మదించడం వంటి విష లక్షణాలను కూడా దాచకుండా రాశాడు.

దానికి సరైన పరీక్ష పెట్టడానికి రెండు శతాబ్దాలు పట్టింది. 1997లో వచ్చిన డిగ్ అధ్యయనంలో 6,800 మంది పాల్గొన్నారు. డిజాక్సిన్ మరణాలను పెంచలేదు, తగ్గించలేదు. గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరవలసిన అవసరాన్ని మాత్రం 28 శాతం తగ్గించింది. తరువాత ఆ అధ్యయనం వివరాలనే తిరగేస్తే, రక్తంలో మందు మిల్లీలీటరుకు 0.5 నుంచి 0.8 నానోగ్రాముల మధ్య ఉన్న మగవారిలో మరణాలు తగ్గినట్టు, 1.2 దాటినవారిలో పెరిగినట్టు కనిపించింది. బలం కోసం మోతాదు పెంచేకొద్దీ మేలు పెరగదని దానివల్ల తెలిసింది.

తణుకు_తమ్ముడు
మా తాతగారికి వారానికి 5 రోజులే వేసుకోమని, శని ఆదివారాలు మానమని రాశారు. ఆయన సర్కారీ నౌకరీలో రిటైరైన మనిషి కాబట్టి, తన మాత్రకు కూడా వారాంతపు సెలవు మంజూరైందని చెప్పుకొని మురిసిపోయేవారు.

మందులకొట్టు_మూర్తి
ఆ సెలవుకు కారణం మాత్ర పరిమాణమే. ఎక్కువగా అమ్ముడయ్యేది 0.25 మిల్లీగ్రాముల మాత్ర, పెద్దవయసువారికీ మూత్రపిండాలు మందగించినవారికీ రోజూ అంత మోతాదు ఎక్కువవుతుంది. మందు ఒంట్లోంచి సగం పోవడానికే ఒకటిన్నర నుంచి రెండు రోజులు పడుతుంది కాబట్టి, రెండు రోజులు మానినా కొంత మిగిలే ఉంటుంది. ఇప్పుడు చాలామంది డాక్టర్లు సెలవులు పెట్టకుండా రోజూ అరమాత్రే రాస్తున్నారు. స్థాయి ఎగుడుదిగుడులు లేకుండా ఉంటుందని నాకూ అదే సబబుగా తోస్తుంది.

కొట్లో కూర్చున్నవాడిగా నన్ను భయపెట్టేది వేరే ఉంది. పాత చీటీ తెచ్చి, మధ్యలో ఒక్క పరీక్ష కూడా చేయించకుండా, నెలల తరబడి డిజాక్సిన్ కొనుక్కుపోయేవారు ఉన్నారు. లాసిక్స్ వంటి నీటిమాత్రలు పొటాషియాన్ని మూత్రంలో పోగొడతాయి. పొటాషియమూ డిజాక్సిన్ ఆ పంపు మీద ఒకే చోటు కోసం పోటీపడతాయి కాబట్టి, పొటాషియం తగ్గితే అదే మోతాదు మందు విషంగా మారుతుంది. ఏమియోడరోన్, వెరాపమిల్, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా దాని స్థాయిని పెంచుతాయి. దగ్గుకు యాంటీబయాటిక్ అడిగే పెద్దాయన డిజాక్సిన్ వాడుతున్నాడని నాకు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? ఆకలి చచ్చిపోవడం, వికారం, చూపు పచ్చగా కనిపించడం, నాడి 60 లోపుకు పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా మరుసటి మాత్ర వేసుకోకముందే డాక్టరును కలవాలి.

పసరువైద్యం_ప్రియుడు
ఫాక్స్‌గ్లవ్ విదేశీ మొక్క. మన పచ్చగన్నేరులోనూ అదే గుణం ఉందని చదివాను. ఇంటి వెనకే ఉంది, కొద్ది మోతాదులో కషాయం తీసుకుంటే తప్పేమిటి?

నైట్‌డ్యూటీ_సిస్టర్
దయచేసి ఆ ఆలోచన మానండి. పచ్చగన్నేరు తిని వచ్చినవారి గుండె నిమిషానికి 30 సార్లు కొట్టుకుంటుంటే పక్కన నిలబడిన అనుభవం నాకుంది.

పాఠాల_పంతులు
అందులో థెవెటిన్ వంటి గ్లైకోసైడ్లు అనే రసాయనాలు ఉన్న మాట నిజం, అవి డిజాక్సిన్ అడ్డుకునే పంపునే అడ్డుకుంటాయి. అందుకే అది ప్రమాదం. మేలు చేసే మోతాదుకూ చంపే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ, ఒక గింజలో ఉన్నంత మందు మరో గింజలో ఉండదు. కొలిచిన మైక్రోగ్రాముల మాత్ర వాడుతూ కూడా రక్తపరీక్షలు చేయించుకోవలసిన చోట కషాయానికి తావు లేదు.

అట్లాంటా_అక్కయ్య
నేనిక్కడ గుండె వైఫల్యం క్లినిక్‌లో ఫార్మసిస్టుగా పనిచేస్తాను. కాల్షియాన్ని పెంచకుండా బలం పెంచే ప్రయత్నాల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. ఫిన్లండులో పుట్టిన లీవోసిమెండాన్, ట్రోపోనిన్‌కు అంటుకొని, ఉన్న కాల్షియానికే అది మరింతగా స్పందించేలా చేస్తుంది. రక్తనాళాలను కూడా సడలిస్తుంది, అందుకే బీపీ మరీ తక్కువగా ఉన్నవారికి ఇబ్బంది. దీని నుంచి పుట్టే ఒక ఉపపదార్థం చాలా రోజులు నిలుస్తుంది కాబట్టి, 24 గంటలు ఎక్కించి ఆపినా ప్రభావం వారం దాకా ఉంటుంది. భారతదేశంలో దొరుకుతుంది, అమెరికాలో మాత్రం దీనికి అనుమతి లేదు. డోబుటమిన్‌తో పోల్చిన సర్వైవ్ అధ్యయనం 2007లో వచ్చింది. 1,327 మందిలో 180 రోజుల మరణాల్లో తేడా తేలలేదు.

ఒమెకామ్టివ్ మెకార్బిల్ అనే మాత్ర నేరుగా మయోసిన్ మీదే పనిచేస్తుంది. దెబ్బ వేగాన్ని పెంచదు, కాల్షియాన్ని పెంచదు, సంకోచం కాస్త ఎక్కువసేపు సాగేలా చేస్తుంది. 8,256 మందితో జరిపిన గెలాక్టిక్ అధ్యయనంలో గుండె వైఫల్యపు ఘటనలు, గుండె సంబంధిత మరణాలు కలిపి చూస్తే 39.1 శాతం నుంచి 37.0 శాతానికి తగ్గాయి. మరణాలను విడిగా చూస్తే తేడా లేదు. మరణాలు పెరగకపోవడమే ఈ జాతి మాత్రకు విశేషం, అయినా ఆ కాస్త మేలు చాలదని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి నిరాకరించింది.

పల్స్_72
అక్కయ్య గారి జాబితాకు ఒకటి కలుపుతాను. డిజాక్సిన్‌కు అన్న వంటి డిజిటాక్సిన్‌ను ఉత్తుత్తి మాత్రతో పోల్చిన డిజిట్ అధ్యయనం 2025లో వచ్చింది. ఇప్పటి మందులన్నీ వాడుతున్నవారిలో సైతం, మరణం లేదా గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలవడం 44.1 శాతం నుంచి 39.5 శాతానికి తగ్గింది. డిజాక్సిన్ మూత్రపిండాల మీద ఆధారపడినంతగా ఇది ఆధారపడదు. ముసలి మందుల్ని మూలన పడేయడానికి తొందరపడకూడదని నా అభిప్రాయం.

వరంగల్_వాసవి
చర్చంతా మరణాల లెక్కల మీదే నడుస్తోంది. మా అన్నయ్య గుండెమార్పిడి కోసం అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకొని ఎదురుచూస్తున్నాడు. మిల్రినోన్ ఎక్కిస్తూ ఉంటేనే లేచి కూర్చొని పిల్లలతో మాట్లాడగలుగుతున్నాడు. తగ్గించాలని చూసినప్పుడల్లా మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ పెరిగిపోతోంది. ఆ మందు ఆయుష్షును తగ్గిస్తుందని ఇక్కడ చదివితే నేనేం చేయాలి?

నైట్‌డ్యూటీ_సిస్టర్
మీ అన్నయ్య విషయంలో పోలిక వేరమ్మా. ఆ అధ్యయనాలు సూదిమందు లేకుండా ఇంటి దగ్గర బతకగలిగినవారి మీద చేసినవి. మందు ఆపితే అవయవాలు దెబ్బతినే మనిషికి, దాత గుండె దొరికేదాకా ఆ మందే ఆధారం, అలా వాడటాన్ని ఏ వైద్యుడూ తప్పుపట్టడు. సెంట్రల్ లైన్, అంటే మందు ఎక్కించడానికి పెద్ద సిరలోకి వేసిన గొట్టం, దగ్గర ఎర్రబడటం, చలిజ్వరం కనిపిస్తే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా చెప్పండి.

శాంతమ్మగారి_అబ్బాయి
వాసవి గారు లేవనెత్తిన విషయం మార్పిడికి అర్హత లేని ముసలివారికీ వర్తిస్తుంది. ఆయాసంతో ఏడాది గడపడం కన్నా, కూర్చొని అన్నం తినగలిగే ఆరు నెలలు చాలనుకునే మనిషికి ఆ ఎంపిక ఉండకూడదా?

పాఠాల_పంతులు
ఉండాలి, ఉంది కూడా. ఏ దారీ మిగలని రోగులకు ఉపశమనం కోసం ఈ సూదిమందులను వాడవచ్చని అమెరికా మార్గదర్శకాలే ఒప్పుకుంటాయి. అయితే రోగికి నిజం చెప్పాలి. 1998 నాటి వెస్ట్ అధ్యయనంలో 3,833 మందికి వెస్నారినోన్‌నో ఉత్తుత్తి మాత్రనో ఇచ్చారు. మందు తీసుకున్నవారు మొదటి కొన్ని వారాలు హాయిగా ఉన్నామన్నారు, ఆ గుంపులోనే ఆకస్మిక మరణాలు పెరిగాయి. హాయిగా ఉందని సంతకం పెట్టిన మనిషికి రెండో సంగతి చెప్పకపోతే అది ఎంపిక అనిపించుకోదు. మన ఆసుపత్రుల్లో ఈ సంభాషణ తరచు కుటుంబంతోనే జరుగుతుంది, రోగితో జరగదు. నాకు దాని మీద ఫిర్యాదు ఉంది.

వరంగల్_వాసవి
అన్నయ్యతోనే మాట్లాడమని డాక్టరు గారిని అడుగుతాను.

గోదావరి_గట్టు
చాలావరకు స్పష్టమైంది. మిగిలింది మెటోప్రొలాల్. నెమ్మదింపజేసే మాత్రతో పంపింగ్ పెరుగుతుందని డిశ్చార్జి రోజున ఒక జూనియర్ డాక్టరు అన్నారు. అది ఎలా సాధ్యం?

అట్లాంటా_అక్కయ్య
దశాబ్దాల పాటు వైద్యులే నమ్మలేదు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టెయిన్ బృందం 1975లో కేవలం ఏడుగురు రోగులలో బీటా బ్లాకర్ వాడి, వారి గుండె పనితీరు మెరుగైందని ప్రకటిస్తే, గుండె వైఫల్యానికి ఇది నిషిద్ధమని పాఠ్యపుస్తకాలు చెబుతున్న రోజులవి. 1999లో సిబిస్-2, మెరిట్ అధ్యయనాలు బిసోప్రొలాల్, మెటోప్రొలాల్ సక్సినేట్ రెండూ మరణాలను 34 శాతం తగ్గించాయని చూపాక వాదన ముగిసింది. పంతులు గారు చెప్పిన అడ్రినలిన్ తాకిడిని ఇవి అడ్డుకుంటాయి. మొదటి వారాల్లో బిగువు కాస్త తగ్గుతుంది, నీరసం అనిపిస్తుంది. ఆ తరువాత కణాల్లో కాల్షియం నిర్వహణ కుదుటపడి, సాగిపోయిన జఠరిక కొంత కుదించుకొని, నెలల మీద పంపింగ్ పెరుగుతుంది. అందుకే ఒంట్లో నీరు దిగాకనే, చిన్న మోతాదుతో మొదలుపెట్టి, రెండు వారాలకొకసారి పెంచుతారు. చీటీలో సక్సినేట్ రకమే ఉందో లేదో చూడండి, అధ్యయనాల్లో నెగ్గింది అదే. నీరసంగా ఉందని మీ అంతట మీరు హఠాత్తుగా ఆపవద్దు.

గోదావరి_గట్టు
సక్సినేటే ఉంది, 25 మిల్లీగ్రాముల మాత్రలో సగం. వచ్చే వారం చూపించుకోవడానికి వెళ్ళాలి.

మందులకొట్టు_మూర్తి
వెళ్ళే ముందు పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించి తీసుకెళ్ళండి. రోజూ ఉదయం మూత్రవిసర్జన తరువాత, టిఫిన్‌కు ముందు తూచిన బరువు రాసిపెట్టిన కాగితం కూడా ఉంటే, మోతాదు పెంచాలో ఆగాలో తేల్చుకోవడం డాక్టరుకు తేలికవుతుంది.

తణుకు_తమ్ముడు
మూర్తి గారూ, మా తాతగారికి డిజాక్సిన్ స్థాయి పరీక్ష కూడా రాశారు. పొద్దున మాత్ర వేసుకోగానే వెళ్ళి రక్తం ఇవ్వవచ్చా?

మందులకొట్టు_మూర్తి
ఇవ్వకూడదు. మాత్ర వేసుకున్నాక కనీసం 6 గంటలు గడవాలి, లేకపోతే రక్తం నుంచి కండరాల్లోకి ఇంకా చేరని మందు కూడా లెక్కలోకి వచ్చి స్థాయి ఎక్కువగా కనిపిస్తుంది. రక్తం ఇచ్చి వచ్చాకనే ఆ రోజు మాత్ర వేసుకోవచ్చునేమో డాక్టరును అడిగితే ఇంకా సులువు.